ఈ వెంటోకి రీమ్యాప్ చేయించారా?

సెకండ్‌హ్యాండ్ డీజిల్ బండి కొనేవాళ్లు మీటర్ తిప్పారా అని అడుగుతారు, యాక్సిడెంట్ అయిందా అని అడుగుతారు. ఇంజిన్ కంప్యూటర్లో అంకెలు మార్చారా అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా, దాన్ని తేల్చడం ఎలా అన్న దగ్గర పని తెలిసిన ఇద్దరికి కూడా పడదు. ఇక్కడ మాట్లాడుకుంటున్న ఇద్దరిలో మామయ్య విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, తర్వాత ఒక షోరూం వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. మేనల్లుడు హైదరాబాద్‌లో ఇంజిన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాడు. బండి కొనబోయేది మేనల్లుడి స్నేహితుడు. 2013 ఫోక్స్‌వ్యాగన్ వెంటో, 1.6 డీజిల్. కంపెనీ లెక్కన 105 పీఎస్ పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్. ఇదే ఇంజిన్‌ని రీమ్యాప్ చేసేవాళ్లు 135, 140 పీఎస్ దాకా తీసుకెళ్తామని, టార్క్ 300 దాటిస్తామని చెబుతారు. కుర్రాళ్ల చేతుల్లో తిరిగిన బండి కాబట్టి అనుమానం రావడంలో వింత లేదు.

మామయ్య: నేను నడిపి చూశాన్రా. పద్దెనిమిది వందల ఆర్‌పీఎం దాటగానే వీపు సీటుకి అతుక్కుపోయింది. కంపెనీ బండి అలా లాగదు. దీనికి రీమ్యాప్ చేయించారు, రాసిపెట్టుకో.

మేనల్లుడు: ఈ ఇంజిన్‌లో టర్బో అందుకునేదే అక్కడ మామయ్యా. మామూలు వెంటో కూడా కింద ఏమీ లేనట్టు ఉండి ఒక్కసారిగా లాగుతుంది. నువ్వు ఇన్నేళ్లూ నడిపింది డిజైర్. దాని పక్కన పెడితే ఏ వెంటో అయినా రీమ్యాప్ చేసినట్టే ఉంటుంది.

మామయ్య: సరే, నా వీపు మాట వదిలెయ్. స్కానర్ ఉందిగా. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్‌కి తగిలించు, సాఫ్ట్‌వేర్ నంబర్ చదువు, కంపెనీ నంబర్‌తో పోల్చు. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

మేనల్లుడు: అదే తేలదు. రీమ్యాప్ అంటే ప్రోగ్రాం మొత్తం కొత్తగా రాయడం కాదు. ఎంత డీజిల్ కొట్టాలి, రైల్‌లో ఎంత ప్రెషర్ ఉండాలి, టర్బో ఎంత గాలి తొయ్యాలి, టార్క్ ఎక్కడ ఆపాలి అని లోపల పట్టికలుంటాయి. వాటిలో కొన్ని అంకెలు మారుస్తారు. పార్ట్ నంబర్, వెర్షన్ నంబర్ ముట్టుకోరు. స్కానర్ చదివేది ఆ నంబర్లనే, పట్టికల్ని కాదు.

మామయ్య: లోపల చెక్‌సమ్ ఉంటుందని నువ్వేగా ఒకసారి చెప్పావు? అంకె మారితే అదీ మారాలి కదా.

మేనల్లుడు: ఖాతా పుస్తకంలో ఒక పద్దు దిద్దినవాడు అడుగున మొత్తం దిద్దకుండా ఉంటాడా? ట్యూనింగ్ టూల్స్ ఫైలు ఎక్కించేటప్పుడే చెక్‌సమ్ సరిచేసేస్తాయి. లేకపోతే చాలా బండ్లు స్టార్ట్ కూడా కావు. స్కానర్ అడిగితే బండి బయటికి చెప్పే లెక్క ఇంకోటి ఉంది, సీవీఎన్ అంటారు. కాలిఫోర్నియాలో 2021 జులై 19 నుంచి పొల్యూషన్ పరీక్షలో సాఫ్ట్‌వేర్ మార్చారా లేదా అన్నది కూడా చూస్తున్నారు. ఆమోదం లేని సాఫ్ట్‌వేర్ కనిపిస్తే ఫెయిల్.

మామయ్య: చూశావా, పట్టుకోవచ్చన్నమాట.

మేనల్లుడు: వాళ్ల దగ్గర పోల్చుకోవడానికి జాబితా ఉంది, పోల్చాలన్న రూలు ఉంది. అక్కడ కూడా కొందరు ఎవరు అడిగినా పాత సీవీఎన్‌నే చెప్పేలా ఫైలు రాస్తారు. మన దగ్గర ఏం జరుగుతుంది? పెట్రోల్ బంకు పక్కన పొల్యూషన్ వ్యాన్. సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, నిలబడ్డ బండిని రేస్ చేయించి పొగ చిక్కదనం కొలుస్తారు. కంప్యూటర్‌ని ఎవడూ ఏమీ అడగడు. పైగా నిలబెట్టి రేస్ చేస్తే ఇంజిన్ మీద పెద్దగా లోడ్ పడదు. రీమ్యాప్ చేసినవాడు అంకెలు మార్చేది ఎక్కువగా ఫుల్ లోడ్ దగ్గరే.

మామయ్య: షోరూంకి తీసుకెళ్తే? కంపెనీ స్కానర్ నేరుగా వాళ్ల సర్వర్‌తో మాట్లాడుతుంది. అమెరికాలో ఆడి, ఫోక్స్‌వ్యాగన్ బండికి ట్యూనింగ్ దొరికితే టీడీ1 అని రికార్డులో ముద్ర కొడతారట. ఇక ఇంజిన్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

మేనల్లుడు: అవును, కొడతారు. అది వారంటీలో ఉన్న కొత్త బండికి పనికొచ్చే పద్ధతి. పన్నెండేళ్ల వెంటోని సర్వర్‌కి కలిపి చూసే ఓపిక ఏ సర్వీస్ అడ్వైజర్‌కి ఉంటుంది? ఎన్నిసార్లు ప్రోగ్రాం చేశారో లెక్కపెట్టే కౌంటర్ కొన్ని ఈసీయూల్లో, అంటే ఇంజిన్ కంప్యూటర్లలో, ఉంటుంది, అది నిజమే. కానీ ఈసీయూని విప్పి బల్ల మీద పెట్టి, బూట్ మోడ్‌లో నేరుగా మెమరీలోకి రాస్తే ఆ కౌంటర్ కదలదు.

మామయ్య: అప్పుడు డబ్బా తెరవాలి కదా! తెరిస్తే నాకు తెలుస్తుంది. కంపెనీ సీలెంట్ ఒకే మందంలో, ఒకే రంగులో అంచంతా పారి ఉంటుంది. బయట కోసి మళ్లీ అతికించినవాడు మార్కెట్లో దొరికే సిలికాన్ పూస్తాడు. అది అంచు దాటి పొంగుతుంది, వేలితో తుడిచిన గీత కనపడుతుంది. స్క్రూల తలలు చూడు, నట్లకి స్పానర్ పెట్టిన మెరుపు చూడు.

మేనల్లుడు: బాగుంది. కానీ చాలా ఈసీయూలకి డబ్బా తెరవకుండా ఆ సాకెట్ నుంచే రాసేయొచ్చు. సీలు చెదిరితే ఎవరో తెరిచారని తెలుస్తుంది. చెదరకపోతే ఏమీ తెలియదు.

మామయ్య: నీ ధోరణి చూస్తుంటే అసలు ఏదీ తెలియదనేలా ఉన్నావు. ఈసీయూ మీద అంటించిన స్టిక్కర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ నంబర్ ఉండి, లోపల ఇంకోటి ఉంటే? అప్పుడైనా ఒప్పుకుంటావా?

మేనల్లుడు: ఈ బండి విషయంలో అసలు ఒప్పుకోను. 2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్‌కి నోటీసు ఇచ్చింది, గుర్తుందా? టెస్ట్ జరుగుతోందని కనిపెట్టి అప్పుడు మాత్రం పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ కంపెనీయే పెట్టింది. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల బండ్లు. మన దేశంలో ఈఏ189 ఇంజిన్ ఉన్న 3,23,700 బండ్లని వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మారుస్తామన్నారు. ఈ వెంటో 1.6 ఆ కుటుంబంలోదే. అప్పుడు షోరూంకి వెళ్లిన ప్రతి బండిలోనూ లోపలి నంబర్‌కీ స్టిక్కర్‌కీ తేడా ఉండొచ్చు. ప్రోగ్రామింగ్ కౌంటర్ కూడా కదిలి ఉండొచ్చు. రీమ్యాప్ వాసన కూడా చూడని బండిని నువ్వు దొంగని చేస్తావు.

మామయ్య కాసేపు మాట్లాడలేదు. నిజానికి ఈ దెబ్బ గట్టిదే. స్కానర్‌లో నంబర్ తేడా చూసి బేరం వదులుకున్నవాళ్లలో ఎందరు మంచి బండిని వదులుకున్నారో చెప్పడం కష్టం. కానీ మామయ్య ఊరుకునే రకం కాదు. బానెట్ ఎత్తి పట్టుకుని మొదలుపెట్టాడు.

మామయ్య: నీ కంప్యూటర్ అబద్ధం చెబుతుందన్నావు. ఒప్పుకున్నా. ఇక ఇనుమునే అడుగుదాం. ఇటు రా, ఈ కామన్ రైల్ చివర ప్రెషర్ సెన్సార్ చూడు. దాని కనెక్టర్ నల్లగా నిగనిగలాడుతోంది. పక్కనున్న కనెక్టర్లన్నీ దుమ్ముపట్టి బూడిదరంగులో ఉన్నాయి. ఆ ఒక్కదాని లాక్ చెవి మీద మాత్రం స్క్రూడ్రైవర్ గీత ఉంది. వైరు మీద టేపు ఒక జానెడు మేర కొత్తది. ఇక్కడ టై ఒకటి కత్తిరించారు, కింద బ్రాకెట్‌లో ముక్క ఇంకా ఇరుక్కుని ఉంది. ఇక్కడ ఏదో ఒక డబ్బా కొన్నాళ్లు వేలాడింది.

మేనల్లుడు: ట్యూనింగ్ బాక్స్ అంటావు.

మామయ్య: అనను, అదే. సెన్సార్‌కీ వైరింగ్‌కీ మధ్య తగిలిస్తారు. నువ్వే చెప్పు అది ఏం చేస్తుందో.

మేనల్లుడు: రైల్‌లో నిజంగా 1,500 బార్ ఉంటే ఈసీయూకి 1,350 అని చెబుతుంది. ప్రెషర్ పడిపోయిందనుకుని ఈసీయూ పంపుని ఇంకా నెట్టమంటుంది. ఇంజెక్టర్ తెరుచుకునే సమయం అంతే ఉన్నా ఎక్కువ డీజిల్ పోతుంది. ఈసీయూలో ఒక్క అంకె మారదు. స్కానర్‌లో చూస్తే ప్రెషర్ మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే చెబుతున్నవాడే తప్పు చెబుతున్నాడు. అమ్మే ముందు పీకేస్తే కంప్యూటర్లో ఏమీ మిగలదు. ఇది మాత్రం నిజంగా నీ కంటికి తప్ప దేనికీ దొరకదు. కానీ సెన్సార్ పాడై మార్చి ఉంటే కూడా కనెక్టర్ ఇలాగే కనిపిస్తుంది.

మామయ్య: మార్చి ఉంటే బిల్లు ఉంటుంది. సర్వీస్ ఫైలు ఇచ్చాడుగా, వెతుకు. సెన్సార్ బిల్లు లేదు. ఉన్నదేమిటో తెలుసా? 48,000 కిలోమీటర్లకి క్లచ్ సెట్. హైవే మీద తిరిగే డీజిల్‌కి అంత తొందరగా క్లచ్ ఎందుకు పోవాలి?

మేనల్లుడు: కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో సగం క్లచ్ మీద కాలు పెట్టి నడిపితే పోతుంది. నడిపేవాడి కాలు సగం బండి ఆయుష్షు తినేస్తుంది.

మామయ్య: మరి తర్వాత వేసిన క్లచ్? ఇప్పుడు బండి 92,000లో ఉంది. నాలుగో గేరులో యాభై మీద పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాను. ముల్లు ముందు పరిగెత్తింది, స్పీడ్ వెనకాల నెమ్మదిగా వచ్చింది. ఇప్పటికే జారుతోంది. ఇంజిన్ ఆపుతున్నప్పుడు గేర్‌బాక్స్ వైపు నుంచి గడగడమని ఒక చప్పుడు వచ్చింది, విన్నావా? అది రెండు ముక్కల ఫ్లైవీల్ ఊగిసలాట. ఈ గేర్‌బాక్స్‌నీ క్లచ్‌నీ 250 టార్క్‌కి వేశారు. తక్కువ ఆర్‌పీఎంలోనే 300 పైన పెడితే మొదట ఏడ్చేది ఇవే.

మేనల్లుడు: నువ్వు చెప్పేవాటిలో ఒక్కటీ రుజువు కాదు మామయ్యా. అన్నీ కలిస్తే అనుమానం పెరుగుతుంది, అంతవరకు ఒప్పుకుంటా. నాకు కావలసింది ఈసీయూ ఇప్పుడు ఏం అడుగుతోందో వినడం. దానికి దారి ఉంది. రోడ్డు మీద, మూడో గేరులో, 1,500 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ అడుగంటా నొక్కి నాలుగువేల దాకా పోనిచ్చి లాగ్ తీయాలి. టర్బో ఇచ్చిన గాలి ఒక గడి, ఈసీయూ అడిగిన గాలి ఇంకో గడి. ఇచ్చినది పైపు లీకైనా, టర్బో అలిసిపోయినా తగ్గుతుంది. అడిగినది మాత్రం పట్టికలో అంకే. నంబర్లు మార్చకుండా దాచొచ్చు గానీ, ఎక్కువ గాలి అడగకుండా ఎక్కువ పవర్ తీసుకునే రీమ్యాప్ ఉంటే నల్లపొగతో పట్టుబడుతుంది.

మామయ్య: ఆ బ్లూటూత్ ముక్కతో వస్తుందా ఇది? రోడ్డు మీద అమ్ముతారే.

మేనల్లుడు: రాదు. అన్ని బండ్లకీ ఉమ్మడిగా ఉన్న గాలి ప్రెషర్ కోడ్ ఒక్క బైట్‌లో వస్తుంది. 255 కిలోపాస్కల్స్ దాటితే చూపలేదు. రీమ్యాప్ చేసిన టర్బో డీజిల్‌లో సరిగ్గా కావలసిన చోట గీత 255 దగ్గర ఆగి పడుకుంటుంది. ఈ కంపెనీ బండ్లకి వీసీడీఎస్ లాంటి స్కానర్ ఉండాలి, అది అడిగినదీ ఇచ్చినదీ రెండూ చూపిస్తుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆ ప్రెషర్‌లో బయటి గాలి ప్రెషర్ కలిసే ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు చూస్తే విజయవాడలో వెయ్యి మిల్లీబార్లు అటూఇటూ ఉంటే, ఐదొందల మీటర్ల ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో 950 దగ్గర ఉంటుంది. అక్కడి లాగ్‌ని ఇక్కడి లాగ్‌తో అడ్డంగా పోలిస్తే తప్పు. అదే సంవత్సరం, అదే ఇంజిన్ ఉన్న ఇంకో బండిని అదే రోడ్డు మీద నడిపి పక్కపక్కన పెట్టాలి.

మామయ్య: ఇంతసేపూ తెలియదు తెలియదన్నావు. ఇప్పుడు నీ దగ్గరే ఉపాయాలున్నాయి.

మేనల్లుడు: రీమ్యాప్ ఉంటే పట్టుకోడానికి ఉపాయాలున్నాయి. లేదని సంతకం పెట్టడానికి ఒక్కటీ లేదు. నా గొడవంతా అది. నువ్వేమో ఆ స్నేహితుడికి కచ్చితంగా చెబుతానంటావు. ఇంకో మంచి గుర్తు ఉంది విను. కొందరు డీజిల్ పరిమాణం పట్టిక జోలికి పోకుండా, ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయం పెంచుతారు. ట్యూనింగ్ బాక్స్ చేసేదీ దాదాపు అదే రకం మోసం. ఈసీయూ తను తక్కువ డీజిలే కొడుతున్నాననుకుంటుంది. మీటర్‌లో మైలేజీ లెక్క కట్టేది ఆ సంఖ్యతోనే. కాబట్టి మీటర్ లీటరుకి 21 అంటుంది, ట్యాంక్ ఫుల్ నుంచి ట్యాంక్ ఫుల్‌కి కొలిస్తే 17 వస్తుంది. కంపెనీ బండిలో కూడా మీటర్ కాస్త గొప్పలు చెప్పుకుంటుంది. కానీ అంత తేడా రాదు.

మామయ్య: అది టెస్ట్ డ్రైవ్‌లో ఎలా తెలుస్తుంది? అమ్మేవాడు రెండు ట్యాంకులు కొట్టనిస్తాడా?

మేనల్లుడు: ఇవ్వడు. అందుకే అమ్మేవాణ్ణి మైలేజీ ఎంతిస్తుందని అడగకుండా, మీటర్ ఎంత చూపిస్తుంది, నువ్వు కొలిస్తే ఎంతొచ్చింది అని రెండుగా అడగమంటాను. పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌ని మూసేశారా అన్నది మాత్రం ఐదు నిమిషాల పని. ఐడిల్‌లో ఈజీఆర్ తెరుచుకున్నప్పుడు లోపలికి పోయే కొత్త గాలి తగ్గాలి, స్కానర్‌లో మాస్ ఎయిర్ ఫ్లో పడిపోవాలి. వాల్వ్ తెరిచానని ఈసీయూ అంటున్నా గాలి కదలకపోయినా, అసలు తెరవమనే అడగకపోయినా ఎవరో చెయ్యి పెట్టారు.

మామయ్య: దానికి నా పద్ధతి ఇంకా తేలిక, కాకపోతే 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిళ్లకి. వాటికి డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది, మసి అంతా అందులోనే ఆగిపోవాలి. సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి తిప్పు. వేలు శుభ్రంగా రావాలి. కాటుకలా అంటుకుందంటే ఆ డబ్బా పగిలిందైనా కావాలి, లోపల ఖాళీ చేసి మళ్లీ వెల్డింగ్ కొట్టిందైనా కావాలి. డీపీఎఫ్ తీసేసినవాడు కంప్యూటర్‌ని ముట్టకుండా ఉండలేడు, లైట్ వెలుగుతుంది కనక. ఈ వెంటో బీఎస్4, దీని గొట్టం నల్లగా ఉంటే నేనేం అనను.

మేనల్లుడు: ఇది నేనూ ఒప్పుకుంటా. ఇక పెద్ద ప్రశ్న అడుగుతా. రీమ్యాప్ ఉంటే ఏం? మారుతీ 1.3 డీజిల్ చూడు. స్విఫ్ట్‌లో 75 పీఎస్, సియాజ్‌లో 90. అదే ఫియట్ ఇంజిన్. కంపెనీలే మిగులు పెట్టుకుని అమ్ముతాయి. తెలిసినవాడు ఆ మిగులు వాడుకుంటే నేరమా?

మామయ్య: ఆ రెండిట్లో టర్బో ఒకటి కాదు నాయనా. 75కి మామూలు టర్బో, 90కి రెక్కలు కదిలే టర్బో. నేను రెండూ విప్పాను. కంపెనీ మిగులు వదిలేది నీ కోసం కాదు. మే నెలలో నలుగుర్నీ సామాన్నీ ఎక్కించుకుని ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కుతావు చూడు, కల్తీ డీజిల్ కొట్టించుకుని, అప్పటి కోసం. ఇక నేరమా అంటావా, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదువు. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి 182ఏ కింద దీనికి శిక్ష పెట్టారు. అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకి ఐదువేల జరిమానా, లేదా రెండూ. రేపు ఇన్సూరెన్స్ వాడు ఈసీయూ తీసి చూస్తే, చేసింది పాత ఓనరని చెప్పుకోవాల్సింది ఎవరు? ఆర్‌సీలో పేరున్నవాడు.

మేనల్లుడు: సరే, చట్టం దగ్గర నేను వాదించను.

లాగ్ తీశారు. మేనల్లుడి ఆఫీసులో ఇంకొకరి 2013 వెంటో దొరికింది, శంకర్‌పల్లి వైపు ఖాళీ రోడ్డు దొరికింది. రెండు బండ్లూ అడిగిన గాలి దాదాపు ఒకటే. ఎరర్ కోడ్లు చెరిపాక బండి తిరిగిన దూరం కూడా ఈసీయూ చెబుతుంది. ఈ వెంటోలో అది 31 కిలోమీటర్లు.

మేనల్లుడు: చూశావా. ఇవాళ ఈ బండిలో ఉన్నది కంపెనీ ఫైలే.

మామయ్య: ఇవాళ. 31 కిలోమీటర్ల క్రితం కోడ్లు ఎందుకు చెరిపాడు? డబ్బా పీకేస్తే, ఫైలు వెనక్కి మారిస్తే నీ లాగ్ శుభ్రంగానే వస్తుంది. షోరూంలో అప్‌డేట్ ఎక్కించినా పాత రీమ్యాప్ చెరిగిపోతుంది. కంప్యూటర్ ఇప్పటి సంగతి చెబుతుంది. 48,000లో క్లచ్ ఎందుకు పోయిందో దానికి గుర్తుండదు.

మేనల్లుడు: బ్యాటరీ మార్చినా, సర్వీస్‌లో మెకానిక్ చెరిపినా 31 అనే ఉంటుంది. నువ్వు మళ్లీ అనుమానాన్ని తీర్పు చేస్తున్నావు.

మామయ్య: తీర్పు చెయ్యను. ధర చేస్తాను. కానీ ముందు మీవాణ్ణి ఓనర్‌కి ఫోన్ చేయమను. రీమ్యాప్ చేయించావా అని నిలదీస్తే ఎవడూ చెప్పడు. "రీమ్యాప్ ఉన్న వెంటో కోసమే వెతుకుతున్నానండీ, మీదాంట్లో ఉందా?" అని ఆశగా అడగమను. బండి పిచ్చి ఉన్నవాడు దాచుకోలేడు. ఎక్కడ చేయించాడో, ఎంత పవర్ వచ్చిందో, డైనో కాగితం ఫొటోతో సహా పంపిస్తాడు.

మేనల్లుడు: పంపాడనుకో?

మామయ్య: ఫైలు ఎవరి దగ్గర ఎక్కించాడో, ఎన్ని కిలోమీటర్లు అలా తిరిగిందో, ఒరిజినల్ ఫైలు వాళ్ల దగ్గర ఉందో లేదో అడగమను. టర్బో గొట్టాల్లో ఆయిల్ నేను చూస్తాను, ఇంజెక్టర్ల లీక్-బ్యాక్ నేను కొలుస్తాను.

మేనల్లుడు: అసలు ఏమీ చేయించలేదన్నాడనుకో?

మామయ్య: అప్పుడు క్లచ్ సెట్, ఫ్లైవీల్ రెండింటి రేటూ షోరూంలో రాయించుకుని, ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడమను. అవి పోవడానికి కారణం ఏదైనా, మార్చాల్సింది మీవాడే.